ఎడమ ముందు

దెయ్యాల నాటకాన్ని పొద్దున తొమ్మిదింటికి చూసే ఇల్లు ఓజు పట్టణం మొత్తంలో అదొక్కటే. ‘తెల్లారని సత్రం’ శుక్రవారం రాత్రి టీవీలో వచ్చేది. కుజుహారా దంపతులు దాన్ని రికార్డు చేసి పెట్టుకుని, మర్నాడు నది మీది పొగమంచు విడిపోయి గదిలోకి ఎండ వచ్చాక, అడుగున వేడి పెట్టె ఉండే కొతాత్సు బల్ల దుప్పటి కింద వెచ్చగా కాళ్లు చాపుకుని, నారింజలు ఒలుచుకుంటూ చూసేవారు. చీకట్లో చూడాలంటే కినుయోకు భయం. తెయిజోకు భయం లేదు గాని, రాత్రి తొమ్మిది దాటితే నిద్ర ఆగదు. ఈ రెండో కారణాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు.

తెయిజో ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. దెయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే, ఎంత దూరం నుంచి, ఏ వెలుతురులో, భోజనానికి ముందా తరువాతా అని అడిగే అలవాటు ఆయనకు ఇంకా పోలేదు. అటువంటి మనిషి వారం వారం ఆ నాటకం ముందు కూర్చోవడానికి కారణం దెయ్యం కాదు, భార్య. ఆ నాటకాన్ని వేసవి మొదట్లో ఆ ఊళ్లోనే, నది ఒడ్డున మూతబడ్డ ఒక పాత సత్రంలో తీశారు. అందులో కాయో అనే ముసలి పనిమనిషి పాత్ర వేసిన నటికి కిమోనో కట్టింది కినుయో. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊరి పెళ్లికూతుళ్లకూ, ఇరవయ్యో ఏటి పండుగ చేసుకునే ఆడపిల్లలకూ కిమోనోలు కట్టిన చేతులవి. టోక్యో వాళ్లు ఎవరినో అడిగితే ఊరంతా ఆమె పేరే చెప్పింది.

నాలుగు వారాలు అంతా సవ్యంగా సాగింది. అయిదో వారం, ఆ పనిమనిషి కాయో చీకటి గదిలో కూర్చుని ఎదుటివారెవరికో టీ పోసే దృశ్యం వచ్చింది. తెర మీద ఆమె ఒక్కతే ఉంది. నారింజ తొన నోటి దాకా తీసుకెళ్లిన కినుయో చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమండీ, కాస్త వెనక్కి తిప్పండి."

తెయిజో వెనక్కి తిప్పాడు. కినుయో కొతాత్సులోంచి బయటికి జరిగి, టీవీ దగ్గరకు పాక్కుంటూ వెళ్లి చూసింది. కాయో ఒంటి మీద కిమోనో కుడి అంచు పైకి వచ్చింది, ఎడమ అంచు లోపలికి పోయింది.

బతికున్నవాళ్లకు కుడి అంచు ముందుగా ఒంటికి చుట్టి, దాని మీదికి ఎడమ అంచు తేవాలి. పాడె మీది శవానికి మాత్రమే ఎడమ ముందు. ‘ముందు’ అంటే ఎదుట అని కాదు, మొదట అని. ఈ తేడా తెలియక కంగారుపడే కుర్రవాళ్లున్నారేమో గాని, శవానికి కట్టినట్టు కట్టుకుని వీధిలోకి వచ్చే మనిషి ఆ దేశంలో లేడు. పైగా ఆ మాటకు ఇంకో అర్థం కూడా స్థిరపడింది. వ్యాపారం దివాలా దారి పట్టిందని చెప్పాలంటే ‘ఫలానా కొట్టు ఎడమ ముందయింది’ అంటారు.

"నేను ఇలా కట్టలేదు," అంది కినుయో. మళ్లీ తెర వైపు చూసి, "కట్టానంటారా?" అని అడిగింది.

తెయిజో జవాబు చెప్పే ముందు ఆలోచించాడు. అదే ఆయన చేసిన పొరపాటు. "ఆ రోజు నీకు జలుబు చేసింది గదా. మనిషన్నాక..." అని మొదలుపెట్టి, భార్య ముఖం చూసి ఆపేశాడు.

తరువాతి వారానికల్లా ఆ దృశ్యం తాలూకు బొమ్మ దేశంలోని ఫోన్లన్నింటిలో తిరిగింది. వీధి చివర టోఫు కొట్టు నడిపే నగామినె రిత్సుకో కూతురు మియోరి ఆయాసపడుతూ వచ్చి వార్త చెప్పింది.

"పెద్దమ్మా! మీరు కట్టిన కట్టే అసలు గుట్టట! కాయో ఎప్పుడో చచ్చిపోయిందట. చచ్చిపోయిన సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదట, అందుకే ఇంకా టీ పోస్తూనే ఉందట! అందరూ అదే రాస్తున్నారు. నిజమేనా? మీకు ముందే తెలుసా? చెప్పండి, ఒట్టు, ఎవరికీ చెప్పను!"

"నీకు చెబితే టోఫుతో పాటు ఊరంతా పంచుతావు," అని నవ్వింది కినుయో. అవునని అనలేదు, కాదనీ అనలేదు. "చివరి దాకా చూడు," అంది.

ఆ మాటతో ఆమె తన పేరును ఎవరో రాసిన కథ ముగింపుకు తాకట్టు పెట్టింది. చివరికి కాయో చచ్చిన మనిషే అని తేలితే, ఆ కట్టు తెలివైన సూచన అవుతుంది. బతికున్న మనిషని తేలితే, కినుయో చేతులు తప్పాయని తేలినట్టే. ఆ విషయం భార్యాభర్తలు మాట్లాడుకోలేదు గాని, అప్పటి నుంచి కినుయో అద్దం ముందు తన కిమోనో తాను కట్టుకునేటప్పుడు రెండేసి మార్లు విప్పి మళ్లీ కట్టడం తెయిజో గమనించాడు. జనవరిలో మియోరికి ఇరవయ్యో ఏటి పండుగ. పొడుగు చేతుల పట్టు కిమోనో ఆమె అమ్మమ్మది, కట్టవలసింది కినుయో. ఆ మాట రెండేళ్ల కిందటే అయింది.

చివరి భాగం చూడటానికి రిత్సుకో, మియోరి కూడా శనివారం పొద్దున వచ్చారు. మొదటి భాగంలో తన కొట్టు ముందు తలుపు రెప్పపాటు కాలం కనిపించిందన్న కారణంగా రిత్సుకో ఆ నాటకాన్ని సొంత పెళ్లి వీడియోలా చూసేది. నలుగురి కాళ్లూ కొతాత్సు కింద ఒకదాన్నొకటి తన్నుకుంటుండగా నాటకం మొదలైంది.

ఇన్ని వారాలుగా సత్రంలో రాత్రిపూట పాడిన ఆడమనిషి, తడి పాదాల గుర్తులు, గోడ వెనక పసివాడి నవ్వు అన్నీ ఏమిటో ఇప్పుడు తెలియాలి. తెలిసింది. టోక్యో నుంచి ఒక ప్రొఫెసరు తెల్లకోటుతో దిగి, చాపల కింద పెరిగిన బూజును గాజు గొట్టంలోకి తీసి, దాన్ని పీల్చడం వల్ల అందరికీ భ్రమలు కలిగాయని చెప్పాడు. అందరూ తలలూపారు. చాపలు కాల్చేశారు. పనిమనిషి కాయో మూట సర్దుకుని, పొద్దుటి రైలెక్కి, కూతురింటికి వెళ్లిపోయింది. రైలు కిటికీలోంచి ఆమె ఆరోగ్యంగా నవ్వింది. పేర్లు పడ్డాయి.

కొండను తవ్వి ఎలుకను పట్టారు. ఆ ఎలుక కూడా రబ్బరుది.

"అంతేనా?" అంది మియోరి. "బూజా? అమ్మా, బూజా!"

"మన నేలమాళిగలో ఉన్న బూజుకైతే ఈపాటికి రాజులు రాణులు కనపడాలి," అంది రిత్సుకో. తరువాత తెయిజో వైపు తిరిగింది. "మీకు పండగే గదా మాస్టారూ! దెయ్యాల్లేవని తేలిపోయింది."

ఆ గదిలో అందరికంటే ఎక్కువ కోపం వచ్చినవాడు తెయిజోయే. "ఏం తేలిందమ్మా? బూజు పీలిస్తే ఒకడికి పాము కనపడొచ్చు, ఇంకొకడికి వాళ్ల మేనత్త కనపడొచ్చు. సత్రంలో అందరికీ ఒకే ఆడమనిషి, ఒకే పాట, ఒకే చరణం దగ్గర ఆగిపోవడం ఎట్లా? బూజుకు సంగీతం వచ్చా? దీనికంటే దెయ్యం ఉందంటే నయం. కనీసం అబద్ధమైనా నిండుగా ఉండేది."

"అబ్బో, మాస్టారు దెయ్యాల పార్టీలో చేరారే!" అని మియోరి చప్పట్లు కొట్టింది.

నవ్వు సద్దుమణిగాక రిత్సుకో కప్పు కింద పెడుతూ, ఎవరి వైపూ చూడకుండా అంది: "అయితే కాయో బతికున్న మనిషేనన్నమాట."

కినుయో లేచి నారింజ తొక్కలు ఏరడం మొదలుపెట్టింది.

ఆ తరువాత నాలుగు రోజులకు రిత్సుకో ఒక్కతే వచ్చింది. చేతిలో మూతపెట్టిన గిన్నె ఉంది. అందులో ఆమె కొట్లో అందరికంటే ఖరీదైన పట్టు టోఫు, వేలితో తాకితే చెదిరిపోయేంత మెత్తటిది, నీళ్లలో తెల్లగా తేలుతోంది. మామూలుగా చనువుకొద్దీ ఆమె ఇచ్చేది అమ్మకానికి పనికిరాని విరిగిన టోఫే. పండగా పబ్బమూ లేకుండా ఈ ఖరీదైన టోఫు వచ్చిందంటే వెనక ఒక కబురు ఉంటుందని కినుయోకు తెలుసు.

"ఫొటో స్టూడియో వాళ్లు కట్టడం కూడా వాళ్లే చేస్తారట, కినుయో గారూ. అన్నీ ఒకేచోట అయిపోతాయి గదా అని... ఆ చలిలో పొద్దున్నే మిమ్మల్ని లేపడం ఎందుకని మా ఆయన కూడా..."

"అదే మంచిది," అంది కినుయో. "నాక్కూడా నడుం నొప్పిగా ఉంటోంది."

"మీరేం అనుకోరుగా?"

"అనుకోవడానికేముంది? టోఫు ఎంత బాగుందో!"

ఆమె వెళ్లాక కినుయో కట్టే సామానంతా, తాళ్లూ, క్లిప్పులూ, నడుముకు పెట్టే దూది దిండ్లూ, చెక్క పెట్టెలో సర్దింది. మియోరికి కట్టే పని చేజారిందన్న బాధ తెయిజోకు కనిపించింది. దాని కింద ఇంకొకటి కూడా కనిపించింది. తాళ్లు చుట్టేటప్పుడు ఆమె తన చేతుల్ని పరాయి వాళ్ల చేతుల్ని చూసినట్టు చూసుకుంటోంది.

మధ్యాహ్నం కినుయో బజారుకు వెళ్లినప్పుడు తెయిజో టీ పెట్టుకుని, అయిదో భాగాన్ని మళ్లీ తీశాడు. భార్య తప్పు చేయలేదని రుజువు చేయాలని కాదు. కోరిన ఫలితం కోసం వెతికేవాడికి అది దొరికి తీరుతుందని ఆయన పిల్లలకు చెప్పేవాడు. తప్పు జరిగివుంటే ఎక్కడ, ఎట్లా జరిగిందో చూడాలనుకున్నాడు. అదైనా తెలిస్తే ఆమెకు మనసు నిలబడుతుంది.

చీకటి గది. కాయో టీ పోస్తోంది. ఆయన కూడా చూపు టీవీ మీదే పెట్టి, తన టీకుండ అందుకుని కప్పులోకి వంచాడు. రెండు టీలూ ఒకేసారి పడ్డాయి. ఏదో తేడాగా అనిపించింది. ఆయన కుడిచేత్తో పోస్తున్నాడు, ఆమె ఎడమచేత్తో. సరే, ఎడమచేతి వాటం ఉండొచ్చు.

ఆయన బొమ్మను ఆపాడు. తన టీకుండను బల్ల మీద పెట్టి, పక్కకు పొడుచుకొచ్చిన దాని పిడిని తన వైపు తిప్పుకున్నాడు. టీ పడే మూతి ఎడమ పక్కకు వచ్చింది. ఏ ఇంట్లోనైనా అంతే, కుడిచేతి వాళ్ల కోసమే ఆ కుండలు చేస్తారు. టీవీలోని కుండకు పిడి కాయో వైపు ఉంది, మూతి ఆమెకు కుడి పక్కన ఉంది.

"మనిషి చచ్చిందనుకుందాం," అన్నాడు తెయిజో, ఖాళీ గదితో. "టీకుండ కూడా చచ్చిందా?"

తొందరపడలేదు. ఎడమచేతి వాళ్ల కోసం చేసిన కుండలు అరుదుగానైనా దొరుకుతాయి. ఒక్క సాక్ష్యం చాలదు. మిగిలిన భాగాలన్నీ వరుసగా తీసి కాయో ముఖం చూశాడు. గడ్డం కింద ఎడమ పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. మళ్లీ అయిదో భాగానికి వచ్చాడు. మచ్చ కుడి పక్కన ఉంది. అప్పుడు ఆయన లేచి, భార్య అలంకరణ బల్ల మీది చేతి అద్దం తెచ్చి, టీవీకి వీపు పెట్టి కూర్చుని, అద్దంలోంచి చూశాడు.

కినుయో తిరిగొచ్చేసరికి ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఏమిటండీ ఈ వేషం? ఈ వయసులో అద్దం చూసుకుని ఏం చేస్తారు?"

"సంచీ కింద పెట్టి ఇలా రా. టీవీని చూడకు, అద్దాన్ని చూడు."

ఆమె ఆయన భుజం మీదుగా వంగి చూసింది. అద్దంలో కాయో కుడిచేత్తో టీ పోస్తోంది. మచ్చ ఎడమ పక్కన ఉంది. ఎడమ అంచు పైకి వచ్చి, మెడ దగ్గర చక్కగా వాలి ఉంది.

"బొమ్మనే తిప్పారు," అన్నాడు తెయిజో. "మొత్తం బొమ్మని, కుడిని ఎడమ చేసి. నువ్వు సరిగ్గానే కట్టావు."

కినుయో అద్దం ఆయన చేతిలోంచి తీసుకుని, మెడ పట్టీని కాదు, చంక కింద ఒక చిన్న మడతను చూసింది. "ఆవిడకు భుజం ఒకటి కాస్త కిందికుంటుంది. అందుకని అక్కడ ఒక మడత ఎక్కువ పెట్టాను. ఇదుగో." అక్కడే చాప మీద కూలబడింది. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. ఈసారి వాటిని అలా చూసుకోలేదు.

సాయంత్రం ఆమె టోక్యోకు ఫోన్ చేసింది. చిత్రీకరణలో తనకు సాయపడిన దుస్తుల విభాగం అమ్మాయి దొరికింది. "అవునా! ఉండండి, అడుగుతాను," అని వెళ్లి, నవ్వుతూ తిరిగొచ్చింది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి చూపులూ కలవడం లేదని చివరి నిమిషంలో కాయో ఒక్కతే కనపడే ఆ ముక్కను తిప్పేశారట. ఎవరూ గమనించలేదట. తరువాత జనం దాన్ని మెచ్చుకుంటుంటే నోరు మూసుకున్నారట. "సారీ అండీ. కాని జనం అనుకున్న ఆ ముగింపు మాకెవరికీ తోచలేదు చూడండి!"

ఫోన్ పెట్టేసి కినుయో, "అయితే కాయో నిజంగా చావలేదన్నమాట," అంది.

"లేదు."

"పాపం. టీ పోస్తూ ఉండిపోయేది. ఆ కథే బాగుండేది."

తెయిజో కొంచెం ఆలోచించి ఒప్పుకున్నాడు. "బాగుండేది. నిజం కాదు గాని, బాగుండేది."

మర్నాడు గిన్నె తిరిగివ్వడానికి ఇద్దరూ టోఫు కొట్టుకు వెళ్లారు. గిన్నెలో నారింజలు, తెయిజో సంచీలో చేతి అద్దం. రిత్సుకో, కిమోనోలాగే అంచు మీద అంచు వేసి కట్టే నీలం నూలు పనిచొక్కా వేసుకుని, మోచేతుల దాకా తడిసి, సోయా పాలు వడకడుతోంది. కొట్టు లోపలి గదిలో టీవీ ఉంది. తెయిజో అందులో అయిదో భాగం పెట్టించి, అద్దం చేతికిచ్చి ఆమెను టీవీకి వీపు పెట్టి కూర్చోబెట్టబోతే ఆమె వెనక్కి జరిగింది.

"వద్దు మాస్టారూ! దెయ్యాన్ని అద్దంలో చూడకూడదంటారు."

"దెయ్యం కాదు రిత్సుకో గారూ, బతికున్న మనిషే కనపడుతుంది. అదే మీకు చూపించాలని."

ఆమె ఒక కన్ను మూసుకుని చూసింది. తెయిజో టీకుండ సంగతి, మచ్చ సంగతి, టోక్యో ఫోన్ సంగతి క్రమంగా వివరించాడు. మియోరి వెనక నిలబడి, "కుండ కూడా చచ్చిందా! అబ్బ, మాస్టారూ!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. రిత్సుకో మాత్రం నవ్వలేదు.

"మీరు చెప్పింది అర్థమైంది. కినుయో గారు తప్పు కట్టలేదు, నేను ఒప్పుకుంటాను. కాని ఊరంతా చూసింది ఎడమ ముందునే గదా! మాది కొట్టు. ఆ మాట మా గడప దగ్గర వినపడితేనే నాకు గుండె గుభేలుమంటుంది. శకునం అనేది..."

తెయిజో నోరు తెరిచాడు. శకునాల మీద ఆయన దగ్గర నలభై ఏళ్ల సరుకు ఉంది. అది విప్పితే సాయంత్రమయ్యేది. కినుయో ఆయన చేతిని మెల్లగా పక్కకు నెట్టి ముందుకు వచ్చింది. రిత్సుకోను భుజాలు పట్టుకుని, కిమోనో కట్టబోయే పిల్లను తిప్పినట్టే ఇటు తిప్పి, గోడకున్న నిలువుటద్దం ముందు నిలబెట్టింది.

"రోజూ పొద్దున్నే ఈ చొక్కా ఎక్కడ కట్టుకుంటావు?"

"ఇక్కడే."

"చూడు ఎలా ఉందో."

రిత్సుకో చూసింది. నీలం పనిచొక్కా ఎడమ అంచు ఆమె ఒంటి మీద పైనే ఉంది. అద్దంలోని రిత్సుకోకు మాత్రం కుడి అంచు పైకి వచ్చింది.

"అమ్మా, చచ్చిపోయావు!" అంది మియోరి.

"నోర్ముయ్!"

"పెళ్లయి వచ్చినప్పటి నుంచీ రోజూ పొద్దున నీకు ఈ ఎడమ ముందే ఎదురొస్తోంది," అంది కినుయో. "కొట్టు నడుస్తూనే ఉందిగా? టోఫు కూడా చెడలేదు. నేను ఇన్నేళ్లు పిల్లల్ని అద్దంలో చూసుకుంటూనే కట్టాను రిత్సుకో. నాకూ తట్టలేదు ఇది. అద్దం గదా అని మనసు దానంతటదే సరిచేసుకుంటుంది. టీవీ అనేసరికి మర్చిపోయాం."

రిత్సుకో అద్దంలోని తన వైపు మరికాసేపు చూసింది. మెడ పట్టీ సర్దుకుంది. అద్దంలోని మనిషి కూడా సర్దుకుంది. పొయ్యి మీద సోయా పాలు పొంగుతున్న చప్పుడైతే ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడి అటు పరుగెత్తారు. ఆ పొంగు అణిచే గొడవలో జవాబు చెప్పవలసిన పని రిత్సుకోకు తప్పింది.

జనవరిలో, పండుగ నాటి ఉదయం, నది మీది మంచు వీధిలోకి కూడా వచ్చింది. తెయిజో కాగితపు తలుపు ఇవతల కూర్చుని పేపరు చదువుతున్నాడు. అవతల పట్టు రాపిడి, తాళ్లు బిగుస్తున్న చప్పుడు.

"ఊపిరి పీల్చు. వదులు. ఇంకా వదులు. పొద్దున ఏం తిన్నావే?"

"టోఫు."

"మీ ఇంట్లో ఇంకేం తింటారులే. ఇప్పుడు నీ కుడిచెయ్యి మెడ పట్టీ లోపల పెట్టు. దూరిందా?"

"దూరింది పెద్దమ్మా."

"అయితే బతికే ఉన్నావు. అద్దాన్ని నమ్మకు, చేతిని నమ్ము."

తలుపు జరిగింది. ఎర్రటి పొడుగు చేతుల కిమోనోలో మియోరి కొంగ పిల్లలా అడుగులు వేస్తూ వచ్చి నిలబడింది. తెయిజో కళ్లజోడు సరిచేసుకుని చూశాడు. ఎడమ అంచు పైన ఉంది. బాగుందన్నాడు. ఆ మాట సరిపోదని కినుయో కళ్లతో చెబితే, చాలా బాగుందన్నాడు.

సాయంత్రం రిత్సుకో చెప్పుల్లో కాళ్లు పెట్టీ పెట్టకుండానే వచ్చి, గుమ్మంలోంచే గిన్నె అందించి, కొట్లో జనం ఉన్నారని వెళ్లిపోయింది. కినుయో మూత తీసింది. పట్టు టోఫు కాదు, రోజూ అమ్మే మామూలు గట్టి టోఫు. ఒక మూల విరిగి కూడా ఉంది.

"విరిగింది ఇచ్చిందేమిటి?" అన్నాడు తెయిజో.

కినుయో గిన్నెను దగ్గరకు తీసుకుంది. ఆమె ముఖం వికసించింది. "మీకు తెలియదులెండి," అని, రాత్రి సూపులోకి దాన్ని అరచేతి మీదే ముక్కలు కోయడం మొదలుపెట్టింది.